విశ్రాంతి ఎవరిది?

ధ్యాన భాగములు: నిర్గమకాండము 23:12, మార్కు సువార్త 6:30–44



గడచిన జనవరి మాసములో, సంక్రాంతి పండుగ వెళ్లిన తరువాత, మేము రెండు దినములు సముద్రతీరమునకు పోయి వచ్చితిమి. సభలకు గాని, కూటములకు గాని పోలేదు. వేదపాఠశాలలో మాతోకూడ చదివిన ముగ్గురు మిత్రులు తమ కుటుంబములతో అక్కడ కలిసికొందమని పిలిచిరి గనుక పోయితిమి. శుక్రవారము తెల్లవారుజామున బయలుదేరి శనివారము రాత్రికి ఇల్లు చేరితిమి. కాపరికి ఆదివారము సెలవు ఉండదు గదా!

ఇంత చిన్న సంగతిని సంఘ పత్రికలో వ్రాయుట ఎందుకని మీరు అడుగవచ్చును. ఆ రెండు దినములు మమ్మును సంతోషపెట్టినవి, సిగ్గుపరచినవి కూడ. ఆ సిగ్గు మాకొక పాఠము నేర్పినది. ఆ పాఠము మీతో చెప్పుట మా బాధ్యత అని తోచినది.

బయలుదేరిన దినమున ఇంకను చీకటి ఉండగానే రావిచెట్టు క్రిందికి వచ్చితిమి. మిరప కోతలకు పోవు స్త్రీలు సద్ది గిన్నెలు పట్టుకొని, తలలకు తువాళ్లు చుట్టుకొని, అప్పటికే ఆటో కొరకు నిలిచి యుండిరి. వారిలో మన సంఘములోని ఒక పెద్దామె మమ్మును చూచి పలుకరించెను.

“యాడికయ్యగారూ, అమ్మగారిని కూడా తీసుకొని ఇంత పొద్దున్నే?”

“సముద్రం దగ్గరికమ్మా.”

“ఎవరికన్నా బాగాలేదా?”

“అందరూ బాగానే ఉన్నారు. ఊరికే, రెండు రోజులు విశ్రాంతిగా ఉందామని.”

ఆమె ముఖము మీద చేయి వేసికొని నవ్వెను. “ఊరికే ఉండటానికి కూడా చార్జీలు పెట్టుకొని పోతారా అయ్యగారూ!”

స్త్రీలందరు నవ్విరి, మేమును నవ్వితిమి. అంతలో ఆటో వచ్చెను. అయిదుగురు కూర్చుండవలసిన బండిలో పదకొండుమంది ఎక్కిరి. వారిలో ఒక సహోదరి మాత్రము నవ్వలేదు. మావైపు చూడనుకూడ లేదు.

దానికి కారణము మాకు తెలియును. పత్తి తీతలు ముగిసి మిరప కోతలు మొదలైనప్పటి నుండి ఆమె నాలుగు ఆదివారములు వరుసగా ఆరాధనకు రాలేదు. మేము ఆమె ఇంటికి పోయి అడిగితిమి. “ఒక్కరోజు మానితే మేస్త్రీ ముఠాలోనుంచి పేరు తీసేస్తాడయ్యగారూ” అని ఆమె చెప్పెను. “దేవుని కంటె మేస్త్రీ ఎక్కువా?” అని మేము అడిగితిమి. విశ్రాంతి దినమును లెక్కచేయని ఇంట ఆశీర్వాదము నిలువదని చెప్పి, ప్రార్థన చేసి వచ్చితిమి. మంచి గద్దింపు చేసితిమని ఆనాడు తృప్తిపడితిమి.

మేము పోయిన చోటు చీరాలకు సుమారు 7 కిలోమీటర్ల దూరమున నున్న వాడరేవు. మా మిత్రులలో ఒకరు ఆ తీరమందలి జాలరుల పల్లెలో సేవ చేయుచున్నారు. వారి చిన్న ఇంటిలోనే నాలుగు కుటుంబములము సర్దుకొంటిమి. వెనుక సరుగుడు తోటలు, ముందు ఇసుక, దాని ఆవల నీళ్లు. వానకాలపు తుపానులు వెళ్లిపోయిన తరువాత, చలిదినములలో సముద్రము మెత్తబడి యుండును. తెల్లవారినప్పుడు మంచు తెర విడిపోగా సూర్యుడు నీళ్లలోనుండియే లేచివచ్చినట్లు కనబడును. మధ్యాహ్నమందు సహితము ఎండ బాధింపదు. సముద్రపు హోరు వినుచు చదువుకొన్నవారము గనుక, ఆ శబ్దము చెవినబడగానే మా నలుగురికి ఇరువది ఏండ్లు తగ్గినట్లాయెను.

విశ్రాంతి మంచిదే. ఈ మాట మొదటనే చెప్పవలెను. భక్తిగలవారు కొందరు దానిని సోమరితనమునకు చెల్లెలుగా ఎంచుదురు. అయితే ఏలీయా ప్రవక్త అలసిపోయి చావు కోరుకొన్నప్పుడు దేవుడు అతనికి మొదట బోధ చేయలేదు. నిద్రపోనిచ్చెను, రొట్టె పెట్టెను, మరల నిద్రపోనిచ్చెను. పర్వతము మీద మాటలాడినది ఆ తరువాతనే. మన ప్రభువు తుపానులో దోనె అమరమున తలగడ మీద నిద్రించెను. ఆయనకు లోకమును రక్షించు పని యుండెను. ఆ పనిని పెట్టుకొనియు ఆయన నిద్రించెను.

మా మిత్రులలో ఒకరు పట్టణ సంఘమునకు కాపరి. ఏడేండ్లుగా తాను ఒక్క దినమును సెలవు తీసికొనలేదని ఆయన మాతో చెప్పెను. చెప్పుచున్నప్పుడు కొంచెము అతిశయము, కొంచెము దుఃఖము ఆ స్వరములో వినబడినవి. ఫోను మ్రోగినప్పుడెల్ల లేచి దూరముగా పోయి మాటలాడి వచ్చెడివాడు. ఆ శుక్రవారము రాత్రి పండుకొన్నవాడు మరునాడు ఎనిమిది గంటల వరకు లేవలేదు. మేము పిలువబోగా ఆయన భార్య గుమ్మమునకు అడ్డముగా నిలిచి, “లేపొద్దన్నయ్యా. ఈయన ఇట్టా నిద్రపోయి ఎన్నేళ్లయిందో” అనెను. ఆమె కన్నులలో నీళ్లు చూచితిమి. ఇంటివాడు నిద్రపోయిన సంగతి భార్యకు కన్నీళ్లు తెప్పించునంతగా మనము పనికి లోబడియుండుట దేవునికి ఇష్టమైన సేవయని మేము చెప్పలేము.

ఇంతవరకు సంతోషపు మాట. ఇక సిగ్గు మాట.

శుక్రవారము మధ్యాహ్నము మొదలు సాయంకాలము వరకు మేము నలుగురము అరుగు మీద కూర్చుండి మాటలాడుచుంటిమి. చీకటిపడువేళ, ఆ ఇంటి చిన్న కుమార్తె వచ్చి మమ్మును అడిగినది. “పెదనాన్నా, అమ్మావాళ్లు సముద్రం చూడరా?”

అప్పుడు తిరిగి చూచితిమి. నలుగురు స్త్రీలును పెరటిలో చేపలు తోముచు, మసాలా నూరుచు, అన్నము వార్చుచు నుండిరి. బస్సు దిగినప్పటినుండి వారు ఇసుక మీద అడుగు పెట్టలేదు. వారు ఇంటిలో చేయు పనియే ఇక్కడను చేయుచుండిరి, మనుష్యులు మాత్రము ఎక్కువైరి. మేము అనుభవించిన విశ్రాంతిని వారి చేతులు మోయుచుండెను.

విశ్రాంతి దినపు ఆజ్ఞలో నీవు, నీ కుమారుడు, నీ కుమార్తె, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ యింటనున్న పరదేశి అని వరుసగా చెప్పబడినది. భార్య పేరు ఆ వరుసలో లేదు. నీవు అనుటలోనే భార్యాభర్తలిద్దరును ఇమిడియున్నారని పెద్దలు వివరింతురు. మేము కూడ ఆలాగుననే బోధించియున్నాము. అయితే మా అరుగు మీద ఆ మాటకు అర్థము మగవాడు మాత్రమే ఆయెను. మరునాడు ఉదయము పొయ్యి మేము పుచ్చుకొంటిమి. ఉప్మా అడుగంటినది, ఉప్పు ఎక్కువైనది. స్త్రీలు తీరము వెంబడి చాల దూరము నడచిపోయి, పొద్దెక్కిన తరువాత చీరెల అంచులు తడుపుకొని, నవ్వుచు వచ్చిరి. ఆ ఉప్మాను ఒక్కమాట అనక తినిరి.

పొయ్యి దగ్గరకు పోకమునుపు, ఆ వేకువనే మేము తీరమున ఒక వల లాగుట చూచితిమి. అలివి వల అందురు. పడవలో పోయి వలను అర్ధచంద్రాకారముగా నీళ్లలో విడిచి, రెండు కొసల త్రాళ్లను ఒడ్డునకు తెచ్చి, రెండు గుంపులవారు మడమలు ఇసుకలో తన్నిపెట్టి లాగుదురు. అది గంటల పని. చివరకు వల ఒడ్డెక్కినప్పుడు అందులో ఎక్కువగా నెత్తళ్లే పడియుండెను. ఒక వృద్ధుడు త్రాడు చుట్టుచు మా ప్రక్కన కూర్చుండెను. మీకు సెలవు దినములు ఉండునా అని అతనిని అడిగితిమి.

మీలో కొందరికి తెలిసియే యుండును. మన తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరబోట్లును ఇంజను పడవలును వేటకు పోరాదని ప్రభుత్వపు కట్టడ. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమది. ఆ వృద్ధుడు దానిని గూర్చియే చెప్పెను.

“సముద్రానికి కూడా సెలవు కావాలి గదయ్యా. గుడ్లు పెట్టే రోజుల్లో కూడా దోచుకుంటే మన పిల్లకాయలకేం మిగిలిద్ది?”

మేము సంతోషించితిమి. ఏడవ యేట భూమికి విశ్రాంతి ఇయ్యవలెనని లేవీయకాండములో చెప్పబడిన కట్టడ జ్ఞాపకము వచ్చినది. ఆ మాట అతనితో చెప్పబోతిమి. అతడు ఇంకను ముగింపలేదు.

“అయితే మొదట్లో మాకు కోపమొచ్చింది. చేప గుడ్లు పెట్టిద్ది సరే, మా పిల్లలేం తినాలి అన్నాం. కడుపుకు చూపించకుండా సెలవంటే అది సెలవు కాదయ్యా, పస్తు.”

వేట నిలిచిన ఆ కాలమునకు ప్రభుత్వమువారు మత్స్యకార కుటుంబములకు భృతి ఇచ్చుచున్నారు. 2025వ సంవత్సరములో అది మన రాష్ట్రమున కుటుంబమునకు 20,000 రూపాయలు. అది చాలునా చాలదా అను లెక్క వేరు. సెలవు ఇమ్మన్నవాడు కూటి సంగతి కూడ చూడవలెనని ఆ చదువులేని వృద్ధుడు చెప్పినది మా గుండెలో గ్రుచ్చుకొన్నది. ఆటోలో నవ్వని ఆ సహోదరి ముఖము మా కన్నుల యెదుట నిలిచినది.

ఏలయనగా, దేవుడు సహితము ఆలాగుననే చేసెను. సీనాయి కొండమీద విశ్రాంతి దినపు ఆజ్ఞ ఇయ్యబడినది నిర్గమకాండము 20వ అధ్యాయములో. దానికి ముందే, 16వ అధ్యాయములో, ఆయన మన్నా కురిపించెను. ఆరవ దినమున రెండు దినముల ఆహారము ఇచ్చి, అటుపిమ్మట ఏడవ దినమున కూర్చుండుడని చెప్పెను. రొట్టె ముందు, ఆజ్ఞ తరువాత. మేము ఆ సహోదరి ఇంటికి ఆజ్ఞను మాత్రము తీసికొనిపోయితిమి. రొట్టె సంగతి తలంచలేదు.

ఆ మధ్యాహ్నము సరుగుడు చెట్ల నీడను కూర్చుండి ఈ సంగతి మిత్రులతో చెప్పితిమి. కొంతసేపు ఎవరును పలుకలేదు. తరువాత పట్టణ కాపరి దక్షిణముగా చేయి చూపి, మన తండ్రుల కథయొకటి జ్ఞాపకము చేసెను. ఆ దిక్కున పెదగంజాము వద్ద బకింగుహాము కాలువ మొదలై మద్రాసు వైపు పోవుచున్నది. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును గొప్ప కరవు పీడించినప్పుడు, ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు ఆ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము తాము గుత్తకు పుచ్చుకొనిరి. ఆకలిగొన్నవారికి పనియు కూలియు దొరకవలెనని ఆయన ఉద్దేశము. బోధకులే అక్కడ పని చూచువారైరి. పారలు దించి కూలివారు కొంతసేపు కూర్చుండినప్పుడు, బోధకులు వారి మధ్య కూర్చుండి, ప్రయాసపడి బరువు మోయువారిని ప్రభువు తన యొద్దకు పిలిచి విశ్రాంతి ఇత్తునన్న మాట చెప్పెడివారు.

ఆ మాటను మనము సమాధి కార్యక్రమములలో చదువుదుము. మన ముత్తాతలు దానిని తట్టలు ప్రక్కన పెట్టి, మట్టి చేతులతో వినిరి. చెప్పినవారు కూలి ఇప్పించి, కూర్చుండనిచ్చి చెప్పిరి. అందువలన వారు నమ్మిరి. ఆలోచించి చూడగా, మన సంఘములలో అనేకములు కూలివారి విశ్రాంతిమీద కట్టబడినవని చెప్పవచ్చును.

ఇప్పుడు మార్కు సువార్త 6వ అధ్యాయము చూడుడి. శిష్యులు సువార్త ప్రకటించి అలసి తిరిగివచ్చిరి. భోజనము చేయుటకైనను వారికి తీరిక లేదు. ప్రభువు వారిని ఏకాంతముగా కొంచెము అలసట తీర్చుకొనుటకు పిలిచి, దోనె ఎక్కించి తీసికొనిపోయెను. అయితే జనులు కాలినడకను పరుగెత్తి వారికంటె ముందుగా ఆ చోటికి చేరిరి. కాపరిలేని గొఱ్ఱెలవలె నున్న వారిని చూచి ప్రభువు కనికరపడెను.

ఈ భాగమును మేము అనేక పర్యాయములు బోధించితిమి. శిష్యుల సెలవు పాడైపోయినది, సేవకునికి విశ్రాంతి లేదు అని బోధించితిమి. ఆ దినమున సముద్రము ఒడ్డున చదివినప్పుడు ఇంతకాలము మేము చూడని మాట ఒకటి కనబడినది. ప్రభువు ఆ జనులను ఏమి చేయుమనెను? పచ్చిక మీద పంక్తులు తీరి కూర్చుండుమనెను. నిలిచి తినుడని చెప్పలేదు, పరుగెత్తి వచ్చినవారిని కూర్చుండబెట్టెను. వారు తృప్తిగా భుజించిరి. పండ్రెండుమంది కొరకు తలపెట్టిన విశ్రాంతి అయిదువేల మందికి పంచబడెను. రొట్టెలను విస్తరింపజేసిన ప్రభువు విశ్రాంతిని కూడ విస్తరింపజేసెను.

కాబట్టి, కాపరి విశ్రమింపవచ్చునా అను ప్రశ్నకు, విశ్రమింపవచ్చును అనియే మా జవాబు. కూలి తల్లికి సెలవు లేదు గనుక నేనును తీసికొననని చెప్పుట వినుటకు బాగుగా నుండును గాని, దానివలన ఆమెకు ఒక్క గడియయైనను సెలవు దొరకదు. నేను కూర్చుండిన పచ్చిక మీద మరియెవరికి చోటిచ్చితినని అడుగుకొనవలెను.

విశ్రాంతి దినపు ఆజ్ఞ మొదట ఎవరితో చెప్పబడినదో గమనింపుడి. నీ దాసుడు, నీ దాసి అన్నప్పుడు దేవుడు యజమానునితో మాటలాడుచున్నాడు. నిర్గమకాండము 23వ అధ్యాయములో ఎద్దు, గాడిద, దాసి కుమారుడు, పరదేశి వీరందరు అలసట తీర్చుకొనవలెనని చెప్పబడినది. ద్వితీయోపదేశకాండము దానికి కారణము కూడ చెప్పుచున్నది. మీరు ఐగుప్తులో దాసులై యుంటిరి, అది మరువకుడి అని. ఐగుప్తులో ఇశ్రాయేలీయులు తమ దేవుని ఆరాధించుటకు సెలవు అడిగినప్పుడు ఫరో ఏమనెను? మీరు సోమరులనెను. మేస్త్రీ చేతిలో చిక్కిన మనిషిని ఆజ్ఞ మీరినదని మేము గద్దించినప్పుడు, ఆజ్ఞను సరిగా చదివినవారము కాము.

శనివారము రాత్రి ఇల్లు చేరితిమి. ఆదివారము ఆరాధనకు ఆ సహోదరి రాలేదు. చీకటిపడిన తరువాత ఆమె ఇంటికి పోయితిమి. ఆనాడు మేము మాటలాడినది తప్పు, క్షమింపుమని అడిగితిమి.

“అదేం మాటయ్యగారూ, కూర్చోండి” అని ఆమె మంచము వాల్చెను. చాలసేపు పొయ్యి వైపే చూచుచుండి, తరువాత ఇట్లనెను. “ఆదివారం గుడి గంట పొలంలోకి వినపడిద్దయ్యగారూ. గంట మోగినప్పుడు మా వాళ్లందరి చేతులు కాసేపు ఆగుతాయి. మేస్త్రీ కేకేస్తాడు. మళ్లీ కోస్తాం.”

ఇరువది ఆదివారములు మేము చేసిన బోధ కంటె ఆ మాటలో భక్తి ఎక్కువగా నున్నది.

ఆ వారములోనే సంఘ పెద్దలను సమకూర్చితిమి. ఆమె కోయుచున్న చేను పరుల చేను కాదు, మన సంఘస్థులు కౌలుకు చేయుచున్న చేనే. ఈ మాట వ్రాయుటకు మాకు కష్టముగా నున్నది. మన రైతులు చెప్పిన సంగతులు కూడ న్యాయముగా వ్రాయవలెను. పండిన కాయ ఆదివారమని ఆగదు. మబ్బు పట్టినయెడల కల్లములోని పంట పోవును. కౌలు, వడ్డీ దినము తప్పక పెరుగుచుండును. ఇవి అబద్ధములు కావు. గుంటలో పడిన ఎద్దును విశ్రాంతి దినమున సహితము పైకి తీయవచ్చునని ప్రభువే చెప్పెను. అయితే ఏడాదిలోని ప్రతి ఆదివారము మన ఎద్దు గుంటలోనే పడియుండునా? బోయజు చేనిలో కోత కోయువారు విశ్రమించుటకు ఒక చోటుండెను. భోజనవేళ అతడు పరదేశురాలైన రూతును పిలిచి తన పనివారి ప్రక్కన కూర్చుండబెట్టెను. అతడు కూడ రైతే, అతనికిని కోతకాలమే.

ఇద్దరు రైతులు, వానభయము లేని ఆదివారములలో కూలివారిని పిలువమనియు, ఆ కారణముచేత ఎవరి పేరును ముఠానుండి తీయనీయమనియు ఒప్పుకొనిరి. తక్కినవారు ఆలోచించి చెప్పుదుమనిరి. వారికొరకు ప్రార్థించుచున్నాము. కోతలు ముగియు వరకు ఆదివారము రాత్రి ఏడున్నర గంటలకు మరియొక ఆరాధన జరుపుచున్నాము. ఇది సరియైన జవాబు కాదని మాకు తెలియును. పగలంతయు వంగి కాయ కోసినవారికి రాత్రి కూటము పెట్టుట విశ్రాంతి ఇచ్చుట కాదు. అయినను తలుపు మూసియుంచుటకంటె ఇది మేలని చేయుచున్నాము.

గడచిన ఆదివారము రాత్రి ఆ సహోదరి వచ్చెను. చేతులు మంటలుగా నున్నవని కొబ్బరినూనె రాచుకొని వచ్చెను. ప్రసంగము మొదలైన కొంచెముసేపటికి గోడకు ఆనుకొని నిద్రపోయెను. ప్రక్కనున్నవారు తట్టి లేపబోగా వద్దని సైగ చేసితిమి. స్వరము తగ్గించి ప్రసంగము ముగించితిమి.

సంఘస్థులారా, మీలో ఎవరికైనను రెండు దినములు తీరిక దొరికినయెడల సంతోషముగా పుచ్చుకొనుడి. సముద్రము చూడుడి, మిత్రులతో కూర్చుండుడి, దేవునికి కృతజ్ఞతలు చెల్లింపుడి. అయితే బయలుదేరకముందు, మీ విశ్రాంతిని ఎవరి చేతులు మోయుచున్నవో చూడుడి. తిరిగివచ్చిన తరువాత ఆ చేతులకు కొంచెమైనను విడుదల కలుగజేయుడి.

ప్రార్థన: దోనెలో నిద్రించిన ప్రభువా, అలసినవారిని పచ్చికమీద కూర్చుండబెట్టినవాడా, మా విశ్రాంతిని పవిత్రపరచుము. మేము కూర్చుండిన చోట మా పొరుగువారికిని చోటిచ్చు మనస్సు మాకు దయచేయుము. మా గంట శబ్దము పొలములో వినుచున్న నీ బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. ఆమేన్.